మెట్లకు ఉత్తరంగా నలభై అడుగులు

అక్టోబరు 6

స్మితా, నిన్న ఫోనులో నువ్వన్నది తప్పు. "ఆ మునిసిపాలిటీ మూర్ఖులకి ఏం తెలుసు నానమ్మా!" అన్నావు. మొదటిది, మా తాటిరేవుది మునిసిపాలిటీ కాదు, నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్. కటక్‌లో లా మూడో సంవత్సరం చదివేదానికి ఆ తేడా తెలియాలి. రెండోది, ఆ బోర్డుల నియమాలు రాసింది మూర్ఖులు కాదు. నేను.

ఇది నీకు పంపను. డైరీలో నీతో వాదించడంలో సుఖమేమిటంటే నువ్వు మధ్యలో అడ్డురావు.

రెండేళ్ళ కిందట ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ నా వంటింటి కిటికీకి అడ్డంగా కట్టారు. నెల రోజులు ఆయన పళ్ళ వెలుగులో పప్పుకి తాలింపు వేశాను. అర్జీ మీద అర్జీ పెడితే కౌన్సిల్ వాళ్ళు విసిగిపోయి "పోనీ మేడమ్, నియమాలు మీరే రాసివ్వండి" అన్నారు. బరంపురం ఆడపిల్లల కాలేజీలో ముప్పై మూడేళ్ళు రాజనీతిశాస్త్రం చెప్పినదాన్ని. అంత మాటంటే ఊరుకుంటానా? పద్నాలుగు పేజీలు రాసిచ్చాను. బోర్డు ఎంత పొడుగుండాలి, రోడ్డుకి ఎంత దూరముండాలి, ఎన్నాళ్ళుండాలి. అంతే. అందులో ఏం రాశారో చూడకూడదు. కౌన్సిల్‌ని తిట్టే బ్యానరుకీ, కౌన్సిల్‌కి దండం పెట్టే బ్యానరుకీ ఒకటే కొలత. సర్కారు చేతికి టేపు ఇవ్వాలి గాని కళ్ళజోడు ఇవ్వకూడదు. వాక్స్వాతంత్ర్యం గురించి ముప్పై మూడేళ్ళు చెప్పిందంతా ఆ ఒక్క మాటలో పెట్టాను.

ఫ్లెక్సీ వద్దంటే గుడ్డ మీద రాస్తారు, గుడ్డ వద్దంటే రేకు మీద రాస్తారు. అందుకని మూడో పేజీలో నిర్వచనం గట్టిగా బిగించాను. "బోర్డు అనగా, ఏ వస్తువుతో చేసినదైనా, ఏ రూపంలో ఉన్నదైనా, బహిరంగ స్థలంలో నిలిపి జనానికి ఏదైనా సంగతి తెలియజేసేది." ఎలుక దూరే కన్నం లేదు. రాశాక నాలుగుసార్లు చదువుకున్నాను.

నిన్న కౌన్సిల్ ట్రాక్టరు వచ్చి ఊళ్ళో ఫ్లెక్సీలన్నీ పీక్కుపోయింది. వాటితోపాటు సముద్రం ఒడ్డున మన బెస్త కాసులు పాతిన నల్లగుడ్డ కర్రలు కూడా. నీ కోపం అందుకు.

నిర్వచనం ప్రకారం అవీ బోర్డులే. వాళ్ళు చేసింది సరైనదే.

అక్టోబరు 7

గౌరి గిన్నెలు తోముతూ "కాసులు బాబాయొచ్చేడమ్మా, గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రానంతన్నాడు" అంది. కోపమొస్తే గుమ్మం దాటడు ఆ మనిషి. నలభై ఏళ్ళు పడవ వేశాడు. ఇప్పుడు కొడుకులు వేస్తున్నారు, ఇతను ఒడ్డు చూసుకుంటాడు.

"ఏటి పంతులమ్మా, నా కర్రలు బోర్డులేటి?"

"అవును."

"ఆటి మీద అక్షరం ముక్క నేదు గదా!"

"అక్షరం అక్కర్లేదు. సంగతి చెబితే చాలు."

"సంగతి సెప్పకపోతే పాతడం దేనికి?" అన్నాడు.

ఒడ్డుకొచ్చిన నీళ్ళు ఎక్కడో ఒకచోట సందు చేసుకుని గుంపుగా వెనక్కిపోతాయి. బెస్తవాళ్ళు దాన్ని లాగుడు అంటారు. ఆ సందులో దిగితే నడుం లోతులోంచే మనిషిని తీసుకుపోతుంది. కాసులు పొద్దున్నే నీళ్ళ తీరు చూసి సందుకి అటొకటి ఇటొకటి కర్ర పాతి నల్లగుడ్డ కడతాడు. వాళ్ళ నాన్న పాతాడు, తాత పాతాడు. ఎవరినీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

"మల్లీ పాతితే నా కొడుకుల పడవ కాగితాలు ఆపేత్తారంట. కార్తీక పున్నం వొస్తంది. జనం పొర్లిపోతారు. ఈలోపల ఏదోటి సెయ్యి తల్లీ. రాసింది నువ్వేనంట గదా."

"ఎవరు చెప్పారు?"

"ఊరంతా అంతంది."

నాకు కొంచెం సంతోషం వేసింది. ఇక్కడ రాస్తున్నాను గాని ఎవరికీ చెప్పను.

పౌర్ణమి నవంబరు 5న. ఆ తెల్లవారుజామున ఒడియావాళ్ళు అరటి దొప్పల పడవల్లో దీపాలు పెట్టి వదలడానికి వస్తారు, మనవాళ్ళు సముద్ర స్నానానికి వస్తారు. పోయినేడు పదివేల మంది అన్నారు. ఇరవై తొమ్మిది రోజులుంది. బోలెడంత సమయం.

అక్టోబరు 9

కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళాను. హేమచంద్ర ఇక్కడ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, వచ్చి ఆరు నెలలైంది. ఒడియా అబ్బాయి, మర్యాదస్తుడు, నన్ను చూస్తే కుర్చీలోంచి లేస్తాడు. ఒడియాలోనే మాట్లాడుకున్నాం.

"కర్రలెందుకు తీశారయ్యా?"

"ఫిర్యాదు వచ్చింది మేడమ్. ఫ్లెక్సీలు తీసి అవి ఉంచితే పక్షపాతం అంటారు."

"ఎవరిచ్చారు ఫిర్యాదు?"

"చెప్పకూడదు. ఫిర్యాదుదారు పేరు గోప్యం అని మీరే రాశారు."

కిటికీలోంచి ఒడ్డున రాఘవేంద్ర కట్టించిన హోటలు తోరణం కనిపిస్తోంది. రెండంతస్తుల ఎత్తు, రంగుల లైట్లు. దాని సంగతేమిటన్నాను.

"సొంత స్థలంలో సొంత పేరు. మినహాయింపు. ఆరో పేజీ."

ఆరో పేజీ కూడా నాదే.

"దరఖాస్తు పెట్టండి మేడమ్. చట్టప్రకారం మంచి బోర్డు పెట్టిద్దాం. గుడ్డపీలికలు కాదు" అన్నాడు. సబబైన మాట. అంత సబబైన మాట ఆ ఆఫీసులో విని చాలా కాలమైంది.

అక్టోబరు 10

నువ్వు మళ్ళీ ఫోను చేశావు. "ప్రమాద హెచ్చరికలకి మినహాయింపు అని ఒక్క వాక్యం చేర్పించు నానమ్మా" అన్నావు.

చేర్పించను. ఏది హెచ్చరిక, ఏది కాదు అని ఎవరు తేలుస్తారు? ఆఫీసరు. అంటే అతను చదవాలి. రేపు రాఘవేంద్ర "పక్క హోటల్లో దెయ్యాలున్నాయి, జాగ్రత్త" అని పెడతాడు. అదీ హెచ్చరికే. ఎల్లుండి కౌన్సిల్ మీద అవినీతి ఆరోపణ రాసినవాడి బోర్డు మాత్రం "ఇది హెచ్చరిక కాదు" అని పీకేస్తారు. ఒక్కసారి కళ్ళజోడు ఇచ్చావా, తిరిగి ఇవ్వడు.

"ఈలోగా ఎవరైనా మునిగిపోతే?" అన్నావు.

ఆ ప్రశ్నకి సమాధానం చెప్పాను. ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు.

అక్టోబరు 13

రాఘవేంద్ర స్వీట్ల డబ్బా పట్టుకుని స్వయంగా వచ్చాడు. వీళ్ళు మూడు తరాలుగా బరంపురంలో పట్టుచీరల హోల్‌సేలు, ఇతను సముద్రం మీద మోజుపడి ఇక్కడ హోటలు కట్టాడు. నన్ను "అత్తయ్యగారూ" అంటాడు. ఏ వరసలోనో అడగలేదు, చెబుతాడేమోనని భయం.

"మీరు బోర్డు పెట్టిస్తున్నారట. ఆ ఖర్చేదో నాకొదిలేయండి అత్తయ్యగారూ. స్టీలుది, పదికాలాలుండేది. ఆ నల్లగుడ్డలేంటండీ, పొద్దున్నే కిటికీ తెరిస్తే శవం లేచిన ఇంటిలా!"

"అయితే ఫిర్యాదు నీదే."

"నేనేం చెడ్డమాట అన్నానండీ? రూలు మీరు రాశారు, నేను చదివాను. మీ పద్నాలుగు పేజీలూ ఊళ్ళో పూర్తిగా చదివింది నేనొక్కణ్ణే."

ఈ మాట నిజమేననుకుంటాను. అందుకే నాకు వెంటనే కోపం రాలేదు.

వెళ్తూ వెళ్తూ ఒక సలహా చెప్పాడు. ఎక్కడ దిగకూడదో ఒక్కటే రాస్తే జనం బెదురుతారు, ఎక్కడ దిగొచ్చో కూడా రాయండి అని. అతని హోటలు గేటు దక్షిణం వైపుందని నాకు తెలుసు. అయినా సలహా సలహాయే. వద్దు అన్నప్పుడు ఏది సరేనో కూడా చెప్పాలని క్లాసులో నేనూ చెప్పేదాన్ని.

అక్టోబరు 14

దరఖాస్తు ఫారం పూర్తి చేశాను. ఏడో గడి: "బోర్డు నిలిపే స్థలం. శాశ్వత కట్టడం నుంచి కొలత." కాసుల్ని వెంటబెట్టుకుని ఒడ్డుకెళ్ళాను. బీచిలోకి దిగే సిమెంటు మెట్ల దగ్గర టేపు పట్టుకు నిలబడ్డాను.

"ఎక్కడ?"

"ఇయ్యాలయితే అక్కడ" అని ఉత్తరం వైపు చూపించాడు.

"ఇవాళ కాదు. మొత్తానికి ఎక్కడ?"

"మొత్తానికేటి పంతులమ్మా, అది నడుస్తాది. వారానికోపాలి జరుగుతాది. గాలివాన వొస్తే ఒక్కరోజులోనే ఇటుది అటయిపోతాది. అందుకే గదా కర్ర పాతేది. పీకడానికి సులువు."

"కాసులూ, ఈ ఫారంలో నడిచేవాటికి గడి లేదు."

అతను నవ్వలేదు.

"మెట్లకు ఉత్తరంగా నలభై అడుగులు" అని రాసి సంతకం చేశాను. అర్జీదారు: కె. కామేశ్వరమ్మ, రిటైర్డు రీడరు.

అక్టోబరు 22

బోర్డు పెట్టారు. నియమం ప్రకారం అనుమతికి ఇరవై ఒక్క రోజులు పట్టాలి. నాకు ఎనిమిది రోజుల్లో ఇచ్చారు. ఇది తప్పని నాకంటే బాగా ఎవరికి తెలుసు? నోరు మూసుకుని పుచ్చుకున్నాను.

చాలా అందంగా ఉంది. స్టీలు పలక, నీలం మీద తెల్లక్షరాలు, మూడడుగుల లోతు కాంక్రీటు. పైన ఒడియాలో, కింద ఇంగ్లీషులో: "ఈ బోర్డు ఎదుట స్నానం నిషిద్ధం. మెట్లకు దక్షిణంగా స్నానం చేయవచ్చు." తెలుగుకి చోటు చాల్లేదు. హేమచంద్ర నా చేత కొబ్బరికాయ కొట్టించాడు. రాఘవేంద్ర ఫోటోలు తీయించాడు. కాసులు దూరంగా వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. పిలిచాను, వినపడనట్టే ఇంకో ముడి బిగించుకున్నాడు.

ఫోటో నీకు పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి పంపావు.

అక్టోబరు 28

గాలి. కరెంటు లేదు.

అక్టోబరు 29

ఇంకా గాలే. తుఫాను దక్షిణానికి పోయి ఎక్కడో తీరం దాటిందట. మనకేం కాలేదు. బోర్డు చెక్కుచెదరలేదని గౌరి చూసొచ్చి చెప్పింది.

అక్టోబరు 30

కాసులు వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికే వచ్చాడు, అదే నాకు నచ్చలేదు.

"జరిగిపోనాది పంతులమ్మా. మెట్లకి ఇటేపు, దచ్చినంకి. నీ బోర్డు దిగమన్నకాడే ఉంది ఇప్పుడు."

కర్రలు పోయాయన్న కడుపుమంట ఇంకా ఉంది పాపం, అనుకున్నాను. అయినా వెళ్ళి చూశాను. బోర్డు ఎదుట ఉత్తరాన అలలు విరిగి నురగలు కక్కుతున్నాయి, చూస్తేనే భయం. దక్షిణాన మెట్ల పక్కన ఇరవై అడుగుల మేర అల విరగడమే లేదు. నీళ్ళు నూనెలా నిమ్మళంగా ఉన్నాయి.

"అక్కడే కదయ్యా నెమ్మదిగా ఉంది!"

"అదే మరి. నీరు ఎనక్కి పోతన్నకాడ అల లెగదు. నెమ్మదిగుందని అందరూ అక్కడే దిగుతారు."

కొబ్బరి డొక్క ఒకటి తీసి ఆ నిమ్మళపు నీళ్ళలోకి విసిరాడు. అది ఒడ్డుకి రాలేదు. పని మీద వెళ్తున్నదానిలా తిన్నగా లోపలికి పోయింది. చూస్తూండగా చుక్కయిపోయింది.

కొబ్బరి డొక్క తేలిక. మనిషి బరువు వేరు.

అక్టోబరు 31

ఎందుకైనా మంచిదని వెళ్ళి అడిగితే హేమచంద్ర అన్నాడు: స్థలం మార్చాలంటే కొత్త దరఖాస్తు. ఛత్రపూర్ నుంచి ఇంజనీరు వచ్చి చూడాలి. ఆయన పండగ అయ్యేదాకా సెలవు. ఈలోగా నోటిమాట మీద బోర్డు పీకితే, రేపు ఉత్తరాన ఎవరైనా పోతే, హెచ్చరిక ఉన్నదాన్ని తీసేశాడని తన మీదకొస్తుంది.

"మరి దక్షిణాన పోతే?"

"స్థలం మీరు రాసిచ్చిందే కదా మేడమ్."

ఎంత మర్యాదగా అన్నాడంటే, గేటు దాటాక గాని నాకు అర్థం కాలేదు.

నవంబరు 1

ఇవాళ రాయడానికేమీ లేదు.

ఉంది. పురుషోత్తంపూర్ నుంచి అనుదీప్ అని ఒక బ్యాంకు ఉద్యోగి భార్యాపిల్లలతో వచ్చాడు. మెట్లకు దక్షిణంగా మొలలోతు నీళ్ళలో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే తీసుకుపోయింది. కాసులు కొడుకులు పడవ నీళ్ళలోకి తోస్తూ ఉండబట్టి దొరికాడు. ఇసుక కక్కి బతికాడు.

అది విని ఒడ్డుకి వెళ్ళాను. దుప్పటి కప్పుకుని మెట్ల మీద వణుకుతూ కూర్చున్నాడు. ఎవరో నన్ను చూపించి చెప్పినట్టున్నారు, లేచి దండం పెట్టాడు.

"బోర్డు పెట్టించింది మీరేనటండీ. మీ మేలు మరిచిపోను. మా చందన ఉత్తరం వైపు దిగుదామంటే నేనే బోర్డు చదివి వినిపించి ఇటు తీసుకొచ్చాను. ఆ బోర్డే లేకపోతే అటు దిగేవాళ్ళం, ఏమైపోయేవాళ్ళమో!"

భార్య పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది. ఆవిడకి తెలిసిపోయిందనుకుంటాను.

"జాగ్రత్తగా వెళ్ళండి" అన్నాను. అంతే అన్నాను, స్మితా.

నవంబరు 2

రాఘవేంద్ర. ఈసారి స్వీట్లు లేవు.

"బతికాడు కదండీ అత్తయ్యగారూ. దీన్ని పెద్దది చేస్తే మొదట అడిగేది స్థలం ఎవరు రాశారని. మీ పేరు బయటికి రావడం నాకిష్టం లేదు. పౌర్ణమికి నా గదులన్నీ నిండిపోయాయి. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

"బోర్డు మీద రెండో వాక్యం నువ్వు చెప్పావు."

"చెప్పాను. రాసింది మీరు."

ఇతను నా విద్యార్థి అయివుంటే మొదటి తరగతి వచ్చేది.

నవంబరు 3

పొద్దున్న కాసులుతో ఒడ్డుకెళ్ళాను. లాగుడు ఇంకా అక్కడే ఉంది. ఇంకాస్త వెడల్పయింది అన్నాడు. నాక్కూడా ఇప్పుడు కనిపిస్తోంది. ఒకసారి కనిపించడం మొదలయ్యాక ఇంకేమీ కనిపించదు.

మెట్ల పైన పందిరి వేస్తున్నారు. మైకులు కడుతున్నారు. హేమచంద్ర అక్కడే ఉన్నాడు, నన్ను చూసి ఎదురొచ్చాడు. పాపం, మొన్నటి సంగతి మనసులో పెట్టుకున్నాడు. నాకు సంతోషం కలిగించాలని చెప్పాడు.

"మీరేం దిగులుపడకండి మేడమ్. తెల్లవారుజామున నాలుగింటి నుంచీ పది నిమిషాలకోసారి మైకులో చెప్పిస్తాను. బోర్డు మీద రాసినట్టే నడుచుకోండి, మెట్లకు దక్షిణంగానే స్నానం చేయండి అని. వాలంటీర్లని పెట్టాను. ఉత్తరం వైపు వెళ్ళేవాళ్ళని ఒక్కణ్ణి కూడా వదలరు, ఇటే మళ్ళిస్తారు."

"హేమచంద్రా, నా మాట విను. ఆ బోర్డు తప్పు. నేను రాసింది తప్పు. కావలిస్తే రాసిస్తాను."

"రాసివ్వండి మేడమ్" అన్నాడు. "ఇన్‌వర్డులో ఇవ్వండి. పండగ కాగానే మొదటి ఫైలు అదే."

ఆరు నెలల్లో ఈ మనిషి నాతో ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఒక్క నియమమూ తప్పలేదు. ఇంటికొచ్చి కాగితం, కలం తీశాను.

నవంబరు 4, మధ్యాహ్నం పన్నెండు దాటింది

ఇన్‌వర్డులో ఇచ్చాను. ముద్ర వేసి నకలు చేతికిచ్చారు. నీకు కూడా ఒకటి పంపాను. హైకోర్టుకి సెలవులన్నావు. సెలవులు లేకపోయినా రేపు తెల్లారేలోపు జరిగేది కాదని మనిద్దరికీ తెలుసు.

ఒక సంగతి ఒప్పుకుంటాను. ఆఫీసరు చేతికి కళ్ళజోడు ఇవ్వకూడదని ఇప్పటికీ అంటాను. అందులో నేను ఓడిపోలేదు. ఓడిపోయింది ఎక్కడంటే, సముద్రాన్ని చదవగలిగిన మనిషి ఒక్కడుంటే అతని చేతిలో కర్ర కూడా లాగేశాను. అతను అడగకుండా, రాయకుండా చెప్పే మాట కూడా మాటేనని నాకు తట్టలేదు. మాటంటే కాగితం మీదో గుడ్డ మీదో ఉంటుందనుకున్నాను. ముప్పై మూడేళ్ళు అలాగే చెప్పాను.

కాసుల్ని కర్రలు పాతమని అడిగాను. పాతనన్నాడు. అతని కొడుకులదీ కలిపి ఊళ్ళో నాలుగు పడవల కాగితాలు కౌన్సిల్ బీరువాలో ఉన్నాయి. అడగడం నాదే తప్పు.

"నువ్వు పాతు పంతులమ్మా. తెల్లారగట్ల నాను పక్కన నిలబడి ఏలు సూపిత్తాను. ఏలు బోర్డు కాదు గదా?"

మూడో పేజీ ప్రకారం అదీ బోర్డే. కాదని చెప్పాను.

కర్రలు పాతితే ఎంతమంది చూస్తారో తెలియదు. చీకట్లో, పదివేల మందిలో, మైకు ఇటు రమ్మని పిలుస్తూంటే, ఒక ముసలిదాని నల్లగుడ్డలు. బోర్డు మాత్రం అందరికీ కనిపిస్తుంది. రాఘవేంద్ర దానిమీద లైటు కూడా పెట్టించాడు. బోర్డు కనిపించకపోతే మైకువాడు దేన్ని చూపించి చెబుతాడు? ఒక్క పది నిమిషాలు తడబడతాడు. ఆ తడబాటే చాలు, నేను మైకు దగ్గరికి వెళ్ళగలను. మేడమ్‌ని హేమచంద్ర తోసెయ్యడు. ఆ ఒక్కదాన్నీ నమ్ముకున్నాను.

అనుమతి ఉన్న బోర్డుని మూసినా, చెరిపినా, కప్పినా ఆరు నెలల దాకా జైలుకు పంపాలని కేసు పెట్టవచ్చు. పదకొండో పేజీ. అప్పట్లో మూడు నెలలు చాలునన్నారు, నేనే ఆరు చేయించాను.

ఈ కింది ముక్క చింపి గౌరికిస్తాను. తెలుగు చదవడం దానికి నేనే నేర్పాను, ఇవాళ పనికొస్తుంది.

గౌరీ, సాయంత్రం బజారు కట్టేసేలోపు బియ్యం దుకాణానికి వెళ్ళి గోనెసంచులు రెండు తీసుకురా. క్వింటాలువి, పెద్దవి. రెండూ కలిపి కుట్టాలి, అందుకని దబ్బనం, పురికొస కూడా. ఎందుకని అడిగితే చింతపండు కట్టుకోవడానికని చెప్పు. సంచుల్ని అక్కడే విప్పి రెండు వైపులా చూసుకో. మిల్లు పేరు గాని, బొమ్మ గాని, అంకె గాని అచ్చేసి ఉన్నవి తేకు. ఏమీ రాసిలేనివే కావాలి.